ఖబర్ అందరికీ ఉంది, ఇత్తిలా ఎవరికీ లేదు

2001 ఆగస్టు 6. తమిళనాడులో రామనాథపురం జిల్లా, ఏర్వాడి. దర్గా ఉన్న ఊరు. తెల్లవారుజామున అక్కడ ఒక ఆకుల కప్పు షెడ్డుకి నిప్పంటుకుంది. ఆ షెడ్డు పేరు మొయిదీన్ బాదుషా మెంటల్ హోమ్. లోపల ఉన్నది మనోవ్యాధులున్న మనుషులు. రాత్రి పడుకునే ముందు వాళ్ళని జంజీర్లతో కట్టేసి ఉంచారు. జంజీరు కాస్త వదులుగా ఉన్నవాళ్ళు కొందరు బయటపడ్డారు. మిగతావాళ్ళు కట్టిన చోటే కాలిపోయారు. చనిపోయినవాళ్ళు మొత్తం 28 మంది. ఏ శవం ఎవరిదో గుర్తుపట్టడం కూడా కష్టమైంది.

ఏర్వాడి పేరెత్తితే మనలో చాలామంది ఒక్క మాటతో తేల్చేస్తారు. మూఢనమ్మకం అంటారు. ఇంకొందరు హోమ్ నడిపినవాళ్ళ లాలచ్ అంటారు. రెండూ ఉన్నాయి, కాదనను. కానీ ఈ రెండు మాటలతో ఒక సవాల్‌కి జవాబు దొరకదు. అక్కడ మనుషుల్ని కట్టేస్తున్నారన్న సంగతి దాచిపెట్టినది కాదు. దర్గాకి వెళ్ళొచ్చిన ప్రతి ఒక్కరూ చూశారు. ఊరికి తెలుసు, సర్కారుకి తెలుసు. మరి ఆ 28 మందిని కాపాడే పని ఎవరిదో ఎందుకు తేలలేదు?

ఉర్దూ మీడియంలో చదువుకున్నవాళ్ళకి రెండు మాటల మధ్య ఉన్న ఫరక్ బాగా తెలుసు. ఖబర్ వేరు, ఇత్తిలా వేరు. ఖబర్ హోటల్లో చాయ్ తాగుతూ వింటాం, ఇంకొకరికి చెప్తాం, మర్చిపోతాం. ఇత్తిలా అలా కాదు. అది ఫలానా దఫ్తర్‌కి, ఫలానా మనిషికి, ఫలానా తారీఖున అందుతుంది. పాత కచేరీ కాగితాల్లో ఇత్తిలానామా అంటే నోటీసు. అది చేతికందాక "నాకు తెలీదు" అనే హక్కు పోతుంది. ఏర్వాడి గురించి ఖబర్ వేలమందికి ఉంది. ఇత్తిలా అందినవాడు, అందాక జవాబు చెప్పాల్సినవాడు లేడు. మన దేశంలో మజ్బూర్ మనుషుల తారీఖ్‌లో చాలా భాగం ఈ ఫరక్ లోపలే ఉంది.

దర్గాకి ఎందుకొచ్చారు, షెడ్డులోకి ఎలా వెళ్ళారు

ఏర్వాడి దర్గా సుల్తాన్ సయ్యద్ ఇబ్రాహీం షహీద్ గారిది. మదీనా నుంచి వచ్చిన వలీ అని అఖీదత్ ఉన్నవాళ్ళ నమ్మకం. జియారత్‌కి ముస్లింలతోపాటు హిందువులూ పెద్ద సంఖ్యలో వస్తారు. తమిళనాడు నుంచే కాదు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర వైపు నుంచీ వచ్చేవాళ్ళున్నారు. దర్గాలో వెలిగే చిరాగు నూనె, అక్కడి నీళ్ళు దిమాగ్ జబ్బులకి షిఫా ఇస్తాయని పేరు. ఇంకో నమ్మకం కూడా ఉంది. రోగి అక్కడే ఉండాలి, ఇంటికి వెళ్ళొచ్చని కలలో హుకుం రావాలి. ఆ హుకుం రెండు నెలలకి రావచ్చు, కొన్నేళ్ళకి రావచ్చు.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. రోజు కూలీ మీద బతికే ఇల్లు ఏళ్ళ తరబడి ఒక మనిషి పక్కన కూర్చోలేదు. ఊళ్ళో పొలం ఉంటుంది, పిల్లలుంటారు, అప్పులుంటాయి. ఎవరికైనా అప్పజెప్పి వెళ్ళాలి. ఆ జరూరత్‌లోంచి పుట్టినవే ఈ హోమ్‌లు. పెట్టినవాళ్ళలో చాలామంది ఒకప్పుడు తమ ఇంటివాళ్ళ ఇలాజ్ కోసం ఏర్వాడికి వచ్చినవాళ్ళే. మొదట ఇది ఒకరికొకరు సహారా. తర్వాత ధంధా అయింది. చూసుకునేవాళ్ళు తక్కువ, రోగులు ఎక్కువ. కొట్టడం కూడా ఇలాజ్ అయింది, లోపలున్న షైతాన్ పోతుందని. రాత్రిపూట పారిపోకుండా ఉండటానికి అన్నిటికన్నా సస్తా ఇంతెజామ్ జంజీరు.

ఎవరి దగ్గర ఏ సంగతి ఉందో లెక్కేసి చూడండి. రోగి అసలు పేరు, ఊరు, జబ్బు ఎప్పుడు మొదలైంది, ముందు ఏ డాక్టర్ చూశాడు, ఇవన్నీ ఇంటివాళ్ళకి తెలుసు. షెడ్డులో ఎంతమంది ఉన్నారో, రాత్రి ఎవర్ని కడతారో హోమ్ యజమానికి తెలుసు. ఎవరు ఎన్ని నెలలుగా చౌఖట్ దగ్గర కనబడుతున్నారో దర్గా ముజావర్లకి తెలుసు. షెడ్డు ఏ స్థలంలో లేచిందో పంచాయతీకి తెలుసు. పారిపోయి రోడ్డు మీద తిరిగేవాళ్ళు పోలీసులకి తెలుసు. జబ్బుకి మందు ఏమిటో సర్కారీ ఆస్పత్రి డాక్టర్‌కి తెలుసు, కానీ ఆ మనుషులు ఆయన ముందుకి రాలేదు. ఇన్ని తునకలూ ఒక్క బల్ల మీదకి వచ్చి ఉంటే ఏం చెయ్యాలో చిన్న పిల్లాడు కూడా చెప్పేవాడు. ఆ బల్ల ఎక్కడా లేదు.

కానూన్ లేకనా అంటే, ఉంది. 1987 మెంటల్ హెల్త్ యాక్ట్ 1993 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మనోవ్యాధి ఉన్నవాళ్ళని ఉంచుకునే ప్రైవేటు చోటికి లైసెన్స్ కావాలి, తనిఖీ జరగాలి, రోగిని అవమానించకూడదు, క్రూరంగా చూడకూడదు అని అందులో రాసి ఉంది. మంట అంటుకునే నాటికి ఆ కానూన్‌కి 8 ఏళ్ళు. కానీ లైసెన్స్ ఇచ్చే దఫ్తర్‌కి తెలిసేది లైసెన్స్ అడిగినవాడి గురించి మాత్రమే. అడగనివాడు ఆ దఫ్తర్ రిజిస్టర్‌లో ఉండడు. రిజిస్టర్‌లో లేని చోటికి తనిఖీకి ఎవరూ వెళ్ళరు. కానూన్ పాటించినవాడి మీద నిఘా, పాటించనివాడికి పూర్తి ఆజాదీ. ఏర్వాడి షెడ్లు అందరి కళ్ళకీ కనబడ్డాయి, కాగితానికి మాత్రం కనబడలేదు.

ఒకవైపే నడిచిన కాగితం

దీని జడలు వెతకాలంటే కంపెనీ జమానాకి వెళ్ళాలి. 1858లో ఇంగ్రేజ్ సర్కార్ మన దేశంలో పాగల్‌ఖానాల కోసం కానూన్లు చేసింది. తర్వాత 1912లో ఇండియన్ లూనసీ యాక్ట్ వచ్చింది. రెండింటి మిజాజ్ ఒకటే. దిమాగ్ సరిగా లేని మనిషి రోడ్డు మీద తిరుగుతుంటే పోలీసు పట్టుకోవాలి, మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, మేజిస్ట్రేట్ హుకుం రాస్తే పాగల్‌ఖానాకి పంపాలి. జనాన్ని అతని నుంచి కాపాడటం ముఖ్యం. అతన్ని కాపాడటం రెండో మాట.

అందుకే కాగితం ఒకవైపే నడిచింది. లోపలికి తీసుకెళ్ళే కాగితాలు పక్కా. పోలీసు రిపోర్టు, డాక్టర్ సర్టిఫికెట్, మేజిస్ట్రేట్ ఆర్డర్. బయటికి తెచ్చే కాగితం కమ్‌జోర్. మనిషి బాగయ్యాడు, ఇంటికి పంపండి అని ఆస్పత్రి రాస్తే ఎవరికి రాయాలి? అందుకున్నవాడు ఏం చెయ్యాలి? ఎన్ని రోజుల్లో? ఆ 1912 కానూన్ 1993 దాకా, అంటే ఆజాదీ వచ్చాక కూడా 45 ఏళ్ళు, మన మీద ఉంది.

దూరం కూడా ఒక గోడే. నిజాం రియాసత్‌లో దిమాగీ మరీజుల ఆస్పత్రి జాల్నాలో ఉండేది. ఇప్పుడది మహారాష్ట్ర. 1953లో దాన్ని హైదరాబాద్‌కి, ఎర్రగడ్డకి తెచ్చారు. మన దగ్గర "ఎర్రగడ్డకి పంపాలి వీణ్ణి" అనేది ఇప్పటికీ ఒక తిట్టు. అంతకుముందు తరంలో నల్లగొండ నుంచో వరంగల్ నుంచో ఒక మనిషిని జాల్నాకి పంపితే, ఉత్తరం రాయడం రాని అమ్మ అతని హాల్ ఎలా తెలుసుకునేది? ఆస్పత్రి అతని ఇంటిని ఎలా వెతికేది? ఎన్ని తంతెలు తెగాయో లెక్క రాసినవాళ్ళు లేరు.

కాగితం బయటికి రాకపోతే ఏమవుతుందో చూడాలంటే మచాంగ్ లాలుంగ్ జిందగీ చూడాలి. అస్సాంలో మోరిగావ్ జిల్లా సిల్‌సాంగ్ ఆయన ఊరు. తివా తెగ మనిషి. 1951లో, 23 ఏళ్ళ వయసులో, మారణాయుధంతో తీవ్రంగా గాయపరిచాడన్న ఇల్జామ్ మీద అరెస్టు చేశారు. దిమాగ్ సరిగా లేదని తేజ్‌పూర్ మానసిక ఆస్పత్రికి పంపారు. 1967లో ఆస్పత్రి అతను బాగున్నాడని చెప్పింది. అప్పటికే 16 ఏళ్ళు. కోర్టులో ముఖద్దమా నడవాలి, లేదా ఇంటికి పంపాలి. రెండూ జరగలేదు. ఇంకో జైలుకి మార్చారు. అంతే. ఆస్పత్రి తన పని అయిందనుకుంది. జైలు, మనిషి వచ్చాడు కాబట్టి ఉంచుకుంది. కోర్టు, ఎవరూ అడగలేదు కాబట్టి పిలవలేదు.

2005 జులైలో ఆయన బయటికొచ్చారు. 54 ఏళ్ళ తర్వాత. హక్కుల సంఘాలవాళ్ళు విషయం జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా తీసుకెళ్తే ఫైల్ కదిలింది. 1 రూపాయి ముచల్కా మీద వదిలారు. వయసు 77. తర్వాత సుప్రీం కోర్టు 3 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం, బతికి ఉన్నన్నాళ్ళు నెలకి 1000 రూపాయలు ఇవ్వమంది. 2007 డిసెంబర్‌లో ఆయన ఇంతెఖాల్ అయింది. బయట బతికింది రెండున్నరేళ్ళు కూడా లేదు.

ఈ కథలో జాలిమ్ ఎవరని వెతికితే ఒక్కడు దొరకడు. అదే దీనిలో భయంకరమైన సంగతి. ఆస్పత్రి రిజిస్టర్‌లో ఆయన ఉన్నాడు, జైలు రిజిస్టర్‌లో ఉన్నాడు, కోర్టు ఫైల్లో ఉన్నాడు. మూడు రిజిస్టర్లూ ఒక్కసారి పక్కపక్కన పెట్టినవాడు 38 ఏళ్ళపాటు లేడు. ఏర్వాడిలో మనిషికి కాగితమే లేదు. మచాంగ్‌కి కాగితాలు చాలా ఉన్నాయి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడలేదు. అంజామ్ మాత్రం ఒకటే.

నేరం చేయని మనోవ్యాధిగ్రస్తుల్ని జైల్లో ఉంచడం చెల్లదని 1993లోనే షీలా బర్సే కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. పశ్చిమ బెంగాల్ జైళ్ళ సంగతి అది. తీర్పు వచ్చిన నాటికి మచాంగ్ ఇంకా లోపలే ఉన్నారు. ఇంకో 12 ఏళ్ళు ఉన్నారు. తీర్పు కూడా, అది ఎవరికి వర్తిస్తుందో వెతికి చెప్పేవాడు లేకపోతే ఖబర్‌గానే మిగిలిపోతుంది.

మంట తర్వాత

ఏర్వాడిలో 28 జనాజాలు లేచాక సర్కార్ కదిలింది. ఆగస్టు 13 నాటికి, అంటే వారం రోజుల్లో, అలాంటి హోమ్‌లన్నీ మూసేశారు. 500 మందికి పైగా రోగుల్ని సర్కార్ తన సంరక్షణలోకి తీసుకుంది. ఆ అంకె మీద కాస్త ఆగండి. ఏళ్ళ తరబడి ఎవరి లెక్కలోనూ లేని 500 మంది మనుషులు వారంలో లెక్కలోకి వచ్చారు. అంటే లెక్కపెట్టడం అసాధ్యం కాదు. అంతకుముందు లెక్కపెట్టమని ఎవరికీ చెప్పలేదు, అంతే. 2007లో హోమ్ యజమానికి, ఆయన భార్యకి, ఇద్దరు బంధువులకి ఏడేళ్ళ జైలు పడింది. శిక్ష పడాల్సిందే. కానీ ఆ నలుగురూ జైలుకి వెళ్తే ఇంకో ఊళ్ళో ఇంకో షెడ్డు లేవదన్న గ్యారంటీ లేదు.

ఈ విషయంలో సుప్రీం కోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. 2002 ఫిబ్రవరి 5న ఇచ్చిన హుకుం చదివితే, జడ్జీలకి అసలు రోగం ఎక్కడుందో అర్థమైందనిపిస్తుంది. ప్రతి రాష్ట్రం జిల్లాల వారీగా సర్వే చెయ్యాలి. లైసెన్స్ ఉన్నవే కాదు, లేనివి కూడా, మనోవ్యాధులకి ఇలాజ్ చేస్తామనే ప్రతి చోటినీ లెక్క రాయాలి. ప్రమాణాలు ఉంటే లైసెన్స్, లేకపోతే మూత. ఇది చిన్న మార్పు కాదు. అప్పటిదాకా దఫ్తర్ కూర్చుని దరఖాస్తు కోసం ఎదురుచూసేది. ఇప్పుడు దఫ్తరే లేచి వెతుక్కుంటూ వెళ్ళాలి.

ఇంకో మాట కూడా ఉంది ఆ హుకుంలో. 1987 మెంటల్ హెల్త్ యాక్ట్, 1995 వికలాంగుల కానూన్, 1999 నేషనల్ ట్రస్ట్ కానూన్, ఈ మూడింటి అమలునీ కలిపి చూసే జిమ్మేదారీ రాష్ట్ర చీఫ్ సెక్రటరీకో, అదనపు చీఫ్ సెక్రటరీకో ఇవ్వాలి. మూడు కానూన్లు, మూడు శాఖలు, మనిషి మాత్రం ఒక్కడే. ఆ ఒక్క మనిషి కోసం మూడు శాఖల్నీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టే వాడు ఒకడు ఉండాలని కోర్టు అన్నది. నేను పైన అడిగిన బల్ల ఇదే.

అదే హుకుంలో జనానికి తెలియజేయమన్న విషయం ఒకటుంది. జంజీర్లతో కట్టేయడం కానూన్‌కి ఖిలాఫ్, దిమాగీ మరీజుల్ని గుళ్ళకీ దర్గాలకీ కాదు, డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళాలి అని. దీని మీద మనవాళ్ళలో కొందరికి నారాజ్ ఉంది, దర్గా పేరెత్తారని. నాకు లేదు. గుడి పేరూ ఎత్తారు, దర్గా పేరూ ఎత్తారు. నా షికాయత్ వేరే. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అనడం తేలిక. జిల్లాకి ఒక్క సైకియాట్రిస్టు కూడా దొరకని చోట, ఆ డాక్టర్ చిరునామా ఎవరు చెప్పాలి? దర్గా దగ్గర కూర్చున్నవాడికి ఆ చిరునామా తెలిస్తే చెప్పగలడు. అతన్ని పక్కకి తోసేస్తే, మరీజు ఎక్కడున్నాడో తెలిసిన ఒక్కడు కూడా చేయిజారిపోతాడు.

పైసా ఉన్న దేశంలోనూ ఇదే

ఇదంతా గరీబీ వల్ల, సిబ్బంది లేకపోవడం వల్ల, కంప్యూటర్లు లేకపోవడం వల్ల అనుకునేవాళ్ళుంటారు. అన్నీ ఉన్న ఇంగ్లండ్ సంగతి చూద్దాం. అక్కడ కార్న్‌వాల్‌లోని సెయింట్ ఆస్టెల్ పట్నంలో స్టీవెన్ హోస్కిన్ అనే మనిషి ఉండేవాడు. 40కి దగ్గరపడ్డ వయసు, బుద్ధి వికాసం తక్కువ, ఒంటరి. దోస్తులమని చెప్పి కొందరు అతని గదిలోకి చేరారు. అతని పైసలు తిన్నారు, కుక్క పట్టీ వేసి తిప్పారు, హింసించారు. 2006 జులైలో బలవంతాన మాత్రలు మింగించి, రైలు వంతెన మీద నుంచి పడిపోయేలా చేసి చంపారు.

తర్వాత 2007లో ఈ కేసు మీద ఒక పూర్తి సమీక్ష జరిగింది. పోలీసులకి ఆ ఇల్లు తెలుసు. ఆంబులెన్స్ ఆ ఇంటికి వెళ్ళొచ్చింది. ఆస్పత్రి తెలుసు, ఇల్లిచ్చిన శాఖకి తెలుసు. సోషల్ సర్వీసువాళ్ళు అంతకుముందు అతనికి సాయం చేసేవాళ్ళు, "నాకు వద్దు" అని అతనే అన్నాడని ఆపేశారు. ఎందుకు వద్దంటున్నాడు, అతని నోటితో ఎవరు అనిపిస్తున్నారు అని అడగలేదు. ప్రతి శాఖకీ ఒక్కొక్క చిన్న ఘటన తెలుసు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ పెద్ద ఖతరా కాదు. కలిపి చూస్తే ఒక మనిషి చావు కనబడుతోంది. కలిపి చూసినవాడు లేడు.

ఇలాంటి కేసుల అనుభవం మీద 2014లో అక్కడ కేర్ యాక్ట్ వచ్చింది. ప్రతి ప్రాంతంలో స్థానిక సర్కార్, పోలీసు, ఆరోగ్య శాఖ కలిసి కూర్చునే ఒక బోర్డు తప్పనిసరి చేశారు. సమాచారం అడిగితే ఇవ్వాల్సిన ఫర్జ్ కూడా కానూన్‌లో పెట్టారు. దాంతో అన్నీ బాగైపోయాయని కాదు. కానీ ఒక సంగతి తేలింది. కంప్యూటర్ ఎంత మంచిదైనా, ఫలానా సంగతి ఫలానావాడికి చెప్పడం నీ పని అని రాసి పెట్టకపోతే ఏ శాఖా చెప్పదు.

దవా, దువా

మన దేశంలోనే ఇంకో రాస్తా చూపించిన చోటు ఉంది. గుజరాత్ మెహసానా జిల్లాలో ఉనావా ఊరు. అక్కడ హజ్రత్ సయ్యద్ అలీ మీరా దాతార్ దర్గా. ఏర్వాడిలాగే దిమాగీ తక్లీఫ్ ఉన్నవాళ్ళు, ఆసేబ్ పట్టిందని అనుకునేవాళ్ళు మన్నత్‌తో వస్తారు. 2008 ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడి ముజావర్లతో కూర్చుంది. ఎలాంటి మరీజుని చూస్తే డాక్టర్ దగ్గరికి పంపాలో నేర్పింది. దర్గా ఆవరణలోనే క్లినిక్ పెట్టారు. దాని పేరు దవా-దువా.

పని ఎలా నడుస్తుందంటే, మరీజుని తీసుకుని ఇంటివాళ్ళు ముజావర్ దగ్గరికి వస్తారు. ఆయన దువా చేస్తాడు. తర్వాత, మందు కూడా తీసుకోండి, అందులోనూ అల్లా రహమత్ ఉంది అని క్లినిక్‌కి పంపుతాడు. డాక్టర్ చెప్తే విననివాళ్ళు ముజావర్ చెప్తే వింటారు. ఏర్వాడిలో కూడా తర్వాత ఇదే తరీఖాలో దవా-దువా పేరుతో సర్కారీ ఇలాజ్ మొదలైంది.

దీన్ని నమ్మకంతో రాజీ అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను అలా చూడను. మరీజు మొదట ఎవరి దగ్గరికి వస్తాడో ఆ మనిషిని ఇంతెజామ్‌లో ఒక కడీ చేశారు. ముజావర్‌కి ఉన్న ఖబర్ ఇక్కడ డాక్టర్‌కి చేరే ఇత్తిలాగా మారింది. చెడ్డ చోట్ల ఇంకా ఉన్నాయి. 2019లో ఉత్తరప్రదేశ్ బదాయూఁలో మరీజుల్ని జంజీర్లతో కట్టేశారన్న కేసు మళ్ళీ సుప్రీం కోర్టు ముందుకొచ్చింది, ఇది కానూన్‌కి ఖిలాఫ్ అని కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఏర్వాడి తర్వాత 18 ఏళ్ళకి.

కానూన్‌లో ఇప్పుడు ఏముంది

1987 కానూన్ పోయి 2017లో మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. దాని గురించి ఎక్కువగా ఆత్మహత్యాయత్నం విషయంలోనే చర్చ జరిగింది. నాకు మాత్రం నాలుగు దఫాలు ముఖ్యం.

దఫా 95: ఏ రూపంలోనూ, ఏ విధంగానూ జంజీర్లు వేయకూడదు. మినహాయింపు లేదు.

దఫా 100: రోడ్డు మీద తిరుగుతున్న మనోవ్యాధిగ్రస్తుణ్ణి పోలీసు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోపు దగ్గరి సర్కారీ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. ఇల్లూ వాకిలీ లేనివాడైతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ రాయాలి, ఇంటివాళ్ళని వెతికి ఆచూకీ చెప్పాల్సిన బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ది. 1912లో ఒకవైపే నడిచిన కాగితానికి ఇక్కడ తిరుగు దారి వేశారు.

దఫా 101: మనోవ్యాధి ఉన్న మనిషిని, చూసుకోవాల్సినవాళ్ళే హింసిస్తున్నారనీ, గాలికి వదిలేశారనీ ఎవరికైనా నమ్మకంగా తెలిస్తే, వాళ్ళు పోలీస్ స్టేషన్ అధికారికి చెప్పాలి. ఆ అధికారి వెంటనే మేజిస్ట్రేట్‌కి రిపోర్టు చెయ్యాలి. "ఎవరైనా" అంటే పక్కింటివాడు, ఇమామ్, టీచర్, ఆశా వర్కర్, నేను, మీరు. ఏర్వాడిలో ఈ ఫర్జ్ ప్రతి జాయిర్ మీద ఉండి ఉంటే అనిపిస్తుంది.

దఫా 23: మరీజు విషయాలు రాజ్‌గా ఉంచాలి. ఇది మిగతా మూడింటికీ అడ్డం కదా అనిపించవచ్చు. కాదు. ఇది లేకపోతే మిగతావి నడవవు.

మన మొహల్లాల్లో ఒక ఇంట్లో దిమాగీ మరీజ్ ఉన్నాడని తెలిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. చెల్లెలి రిష్తా ఆగిపోతుంది. అన్నకి ఇల్లు అద్దెకి దొరకదు. పిల్లల్ని బడిలో "పాగల్ కా బేటా" అంటారు. ఆ డర్‌తోనే ఇంటివాళ్ళు దాస్తారు, దాచలేనప్పుడు దూరంగా ఏదో ఒక ఏర్వాడికి తీసుకెళ్ళి వదిలేసి వస్తారు. అంటే ఖబర్ ఎక్కువై కూడా మనిషి జంజీర్లలోకి వెళ్తాడు. కాబట్టి సమాచారం పంచుకోండి అంటే అందరికీ చాటమని కాదు. అది అమానత్. ఎవరి చేతిలో పెట్టామో వాళ్ళు, ఏ పని కోసం పెట్టామో ఆ పనికే వాడాలి.

కానూన్ కూడా ఇదే చెప్తుంది. చికిత్స కోసం ఇంకో డాక్టర్‌కి చెప్పొచ్చు. ప్రాణాపాయం ఉంటే చెప్పొచ్చు. ఇంకొకరికి హాని జరగకుండా ఆపడానికి చెప్పొచ్చు, కానీ ఆ హానిని ఆపడానికి ఎంత అవసరమో అంతే. చికిత్సలో ఉన్న మనిషి ఫోటో గానీ, విషయాలు గానీ అతని రజామందీ లేకుండా మీడియాకి ఇవ్వకూడదని దఫా 24 ఉంది. నా పేషాలో ఉన్నవాళ్ళు ఈ దఫాని ఫోన్‌లో దాచుకుని రోజూ చదవాలి. రోడ్డు మీద బట్టల్లేకుండా తిరుగుతున్న మనిషి వీడియోని "మానవత్వం ఎక్కడ" అని హెడ్డింగ్ పెట్టి తిప్పడం ఖబర్. ఆ వీడియో తీసే రెండు నిమిషాల్లో స్టేషన్‌కి ఫోన్ చేసి, చెప్పిన టైమూ, అందుకున్నవాళ్ళ పేరూ రాసుకోవడం ఇత్తిలా.

ఎవరెవరు ఏం చెయ్యొచ్చు

మన రెండు రాష్ట్రాల్లోనూ జియారత్‌కి పేరున్న దర్గాలు చాలా ఉన్నాయి. గురువారం సాయంత్రం వెళ్ళి చూడండి, ఒక మూల ఎవరో ఒకరు అమ్మనో, తమ్ముణ్ణో పట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళని తరిమేయకండి. ఇంతెజామియా కమిటీలు కొన్ని పనులు ఖర్చు లేకుండా చెయ్యొచ్చు. మూడు రోజులకి మించి ఉండిపోయిన మరీజు పేరు, ఊరు, ఇంటివాళ్ళ ఫోన్ నంబర్ ఒక రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఆ రిజిస్టర్ అందరి చేతుల్లోకీ వెళ్ళకూడదు, ఒకరి జిమ్మా ఉండాలి. జిల్లా ఆస్పత్రిలో దిమాగీ డాక్టర్ ఏ రోజు కూర్చుంటాడో దర్గా గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. 2022 నుంచి నడుస్తున్న టెలీ మానస్ నంబర్ 14416 కూడా పక్కనే రాయాలి. దానికి ఎవరైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. గుళ్ళకీ, చర్చిలకీ కూడా ఇదే మాట.

సర్కార్‌ని అడగాల్సింది వేరే ఉంది. 2002లో సుప్రీం కోర్టు చెయ్యమన్న జిల్లా సర్వే మీ జిల్లాలో ఆఖరుసారి ఎప్పుడు జరిగింది? లైసెన్స్ లేని హోమ్‌లు అందులో ఎన్ని కనబడ్డాయి? దఫా 100 కింద మీ స్టేషన్‌లో ఈ ఏడాది ఎన్ని ఎఫ్ఐఆర్‌లు రాశారు, ఎంతమంది ఇంటికి చేరారు? ఆస్పత్రి నుంచి బాగై వెళ్ళగలిగినా తీసుకెళ్ళేవాళ్ళు లేక ఉండిపోయినవాళ్ళు ఎంతమంది? సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజు కట్టి ఒక కాగితం మీద ఈ నాలుగు సవాళ్ళూ రాసి ఇవ్వొచ్చు. ఎవరి పేరూ అడగక్కర్లేదు, అంకెలు చాలు. ఆ కాగితం మీద దఫ్తర్ ముద్ర, తారీఖు వేయించుకోవడం మాత్రం మర్చిపోకండి.